పరగృహమున పుట్టిన ప్రోటీను

ఈస్టు కణములను సన్నని ఇసుకతో కలిపి నూరి, ఒత్తి, వచ్చిన రసమును వడగట్టి, అందు సజీవ కణ మొక్కటియు మిగులకుండ జేసిన పిదప చక్కెర కలిపి చూడగా, ఆ రసము బ్రతికియున్న ఈస్టువలెనే పొంగి మద్యసారమును పుట్టించెనని 1897లో జర్మను రసాయనజ్ఞుడు ఎడ్వర్డ్ బుఖ్నర్ ప్రకటించిన నాటినుండి జీవరసాయన శాస్త్రమునకు ఒక రాజమార్గమును, దానిని వెన్నంటియే ఒక చిక్కును ఏర్పడినవి. కణమును పగులగొట్టినను కణము చేయు పని ఆగదనుట ఆ మార్గము. పగిలిన కణమునుండి వచ్చిన రసములో వేలకొలది పదార్థము లుండగా, వానిలో పని చేయునదేది, ఊరక పక్కన నిలిచియున్నదేది యని తేల్చుట ఆ చిక్కు. ఇంచుమించు నూరేండ్లు గడచిన పిదప, సందేశ ఆర్ఎన్ఏను కత్తిరించి అతికెడి యంత్రాంగమును పరిశోధించినవారు ఈ చిక్కులోనే తగుల్కొని, దానినుండి బయటపడుటకై మానవ ప్రోటీనును అట్టి యంత్రాంగమే లేని బాక్టీరియముచేత చేయించిరి. అట్టి ప్రోటీనులలో ఒకదాని చరిత్రయే ఈ అధ్యాయమునకు విషయము.

జన్యువులు ఆద్యంతము తెగకుండ లిఖింపబడిన వాక్యములు కావనియు, ప్రోటీనునకు పనికివచ్చు ఖండముల నడుమ దానికి పనికిరాని దీర్ఘఖండములు దూరియుండుననియు 1977లో మాసచూసెట్స్‌లోని ఫిలిప్ షార్ప్ బృందమును, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లోని రిచర్డ్ రాబర్ట్స్ బృందమును ఎడినోవైరసు ఆర్ఎన్ఏను దాని డీఎన్ఏతో జతపరచి ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో చూచి కనుగొన్న వృత్తాంతమును వెనుకటి అధ్యాయమున చెప్పియున్నాము. నిలుపవలసిన ఖండమునకు ఎక్సాను అనియు, తొలగింపవలసిన దానికి ఇంట్రాను అనియు మరుసటి యేట వాల్టర్ గిల్బర్ట్ పేర్లు పెట్టెను. కణము మొదట ఇంట్రానులతో సహా తొలిప్రతిని వ్రాసికొని, పిమ్మట ఇంట్రానులను కోసివేసి ఎక్సానులను ఒకదాని కొకటి అతుకును. ఈ పనికే స్ప్లైసింగు అని పేరు. కోత ఒక్క అక్షరము అటునిటు జరిగినచో అటుపై ప్రోటీను పాఠమంతయు తారుమారగును. అందుచే కోతస్థానమును ఎవరు ఎన్నుకొనుచున్నారను ప్రశ్న ఈ శాస్త్రమున ఆదినుండియు ముఖ్యమైనది.

1984లో హార్వర్డ్ విశ్వవిద్యాలయమున టామ్ మానియాటిస్ ప్రయోగశాలలో విద్యార్థిగా నుండిన ఎడ్రియన్ క్రైనర్, తన సహచరులతో గూడి, మన నెత్తుటిలోని హీమోగ్లోబినునకు చెందిన బీటా గ్లోబిను జన్యువు తొలిప్రతిని గాజుగొట్టములో తయారుచేసి, మానవకణ కేంద్రకముల నుండి తీసిన రసములో దానిని కలిపి, 30 డిగ్రీల వేడిమిలో ఉంచి, ఇంట్రాను శుభ్రముగా తొలగిపోవుటను చూచెను. ఆ కేంద్రకములు హీలా కణములవి. అనగా 1951లో బాల్టిమోర్ నగరమున కేన్సరుతో మరణించిన హెన్రియెట్టా లాక్స్ అను నల్లజాతి స్త్రీ దేహమునుండి, ఆమెను అడుగకయే తీసి, లోకమందంతట పెంచుచు వచ్చిన కణముల సంతతి. ఈ ప్రయోగమున మిక్కిలి మెచ్చదగిన అంశము వేరొకటి యున్నది. తలసీమియా వ్యాధికి కారణమైన దోషము గల తొలిప్రతిని అదే రసములో వేయగా, సజీవ కణములో ఏ తప్పుడు స్థానములందు కోత పడుచున్నదో గొట్టములోను ఆ స్థానములందే పడెను. రసము ఒప్పునే కాక తప్పును సైతము యథాతథముగ అనుకరించినది కనుక, దాని మాట నమ్మదగినదని తేలినది. మన దేశమున బీటా తలసీమియాకు అన్నిటికంటె తరచుగా కారణమగుచున్న దోషము ఆ గ్లోబిను జన్యువులోని మొదటి ఇంట్రానునందే, అయిదవ అక్షరమున, ‘జి’ బదులు ‘సి’ పడుట. ఒక్క అక్షరము మారినంతనే అసలు కోతస్థానము బలహీనమై, సాధారణముగ ఎవరును కన్నెత్తి చూడని చుట్టుపట్ల స్థానములు పైకివచ్చుచున్నవి.

ఆ గొట్టములో తొలిప్రతి, కేంద్రక రసము గాక మరి రెండు వస్తువులు తప్పక పోయవలెను: కణమునకు శక్తినిచ్చు ఏటీపీ యొకటి, క్రియాటిన్ ఫాస్ఫేటు రెండవది. మొదటిది లేనిచో స్ప్లైసింగు సాగదు. రెండవది ఖర్చైపోవు ఏటీపీని మరల మరల నింపుచుండును. నేడు ఏ దేశపు ప్రయోగశాలలోనైనను యాంత్రికముగ కొలిచి పోయు ఈ రెండు ద్రవ్యములలో క్రియాటిన్ ఫాస్ఫేటును 1927లోను, ఏటీపీని 1929లోను కండరములనుండి వెలికితీసినవారిలో సైరస్ ఫిస్కేతో బాటు భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగా రుండిరి. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ సైతము ఏటీపీని కనుగొనెను. తెలుగువారు సుబ్బారావుగారిని ఔషధముల నిమిత్తము స్మరింతురు గాని, ఈ సామాన్య ప్రయోగమునందు ఆయన చేతి చలువ రెండువిధముల కలదని తలచువారు తక్కువ.

ఇక రసములోని కర్త యెవరు? హీలా కణముల కేంద్రకములను తీసివేయగా మిగిలిన భాగమును భూమ్యాకర్షణకు లక్షరెట్ల వేగబలముతో తిప్పినచో పైన తేరుకొను ద్రవమునకు ఎస్100 అని పేరు. ఇందు స్ప్లైసింగునకు వలయు సామగ్రి దాదాపు అంతయు నుండియు, ఇది ఒంటరిగా స్ప్లైసింగు చేయజాలదు. ఏదియో ఒకటి లోపించినది. పరిశోధకునకు ఇంతకు మించిన అదృష్టము వేరుండదు. ఏలయన, కేంద్రక రసమును వివిధ భాగములుగ విడదీసి, ఒక్కొక్క భాగమును ఎస్100కు చేర్చి చూచినచో, ఏది చేర్చినప్పుడు పని సాగునో ఆ భాగమునందే లోపించిన వస్తు వున్నదని చెప్పవచ్చును. కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో సొంత ప్రయోగశాల పెట్టుకొన్న క్రైనర్ ఈ యుక్తిచేతనే 1990లో 33 వేల డాల్టనుల పరిమాణమున కనబడు ఒక ప్రోటీనును వేరుచేసి, దానిని ఎస్ఎఫ్2 అని పిలిచెను. అదే యేట న్యూయార్కు నగరమున కొలంబియా విశ్వవిద్యాలయములో జేమ్స్ మాన్లీయు, ఆయన సహచరుడు హుయ్ గేయు పూర్తిగ వేరొక ప్రశ్నను పట్టుకొని బయలుదేరిరి. ఎస్‌వీ40 అను వైరసు తన తొలిప్రతి యొక్కదానినుండియే కోతస్థానము మార్చి రెండు ప్రోటీనులను పుట్టించును. కణజాతిని బట్టి ఈ రెంటి పాలు మారుచుండును. ఈ మార్పునకు కారకమైన ప్రోటీనును వారు వేరుచేసి ఏఎస్ఎఫ్ అనిరి. ఒకరు వెదకినది స్ప్లైసింగు జరుగుటకే అవసరమైన దానిని. వేరొకరు వెదకినది అది ఎచట జరుగవలెనో నిర్ణయించు దానిని.

ఎంత శుద్ధి చేసినను, మానవకణమునుండి తీసిన ప్రోటీనునందు ఒక సందేహము మిగిలియే యుండును. ప్రోటీనులను పరిమాణమును బట్టి విడదీసి చూపు జెల్ పలకమీద ఒకే గీత కనబడవచ్చును. కాని ఆ గీతకు కారణమైన ప్రోటీను అణువులు వేయి యుండగా, కంటికి కనబడని వేరొక ప్రోటీను అణువులు పది వానితో అంటి వచ్చియుండవచ్చును. పని చేయునది ఆ పదియే కావచ్చును. స్ప్లైసింగు యంత్రాంగమునందు నూటికి మించిన ప్రోటీను లున్నవి కనుక ఈ శంక కేవలము చాదస్తము గాదు. దీనిని తీర్చుటకు మార్గ మొక్కటే: ఆ ప్రోటీను జన్యుపాఠమును పట్టి, స్ప్లైసింగు యంత్రాంగమే లేని ప్రాణిలో ప్రవేశపెట్టి, అచ్చట చేయించి, దానిని తెచ్చి ఎస్100లో కలిపి చూడవలెను. ఊరి తగవులో పొరుగూరి సాక్షి చెప్పిన మాటకు ఎట్టి విలువ గలదో, ఇ. కోలై బాక్టీరియమునందు పుట్టిన మానవ ప్రోటీనునకు ఇచ్చట అట్టి విలువ గలదు. ఇ. కోలైలో ఇట్టి స్ప్లైసింగు యంత్రాంగము లేదు. కనుక దానినుండి వచ్చిన ద్రవములో ఇతర మానవ సహాయకు లెవరును దాగియుండుటకు వీలులేదు.

ఇచ్చట ఒక వింతను చెప్పి ముందునకు సాగుదును. స్ప్లైసింగునకు తోడ్పడు ఈ ప్రోటీను జన్యువులోను ఇంట్రాను లున్నవి. అనగా ఈ ప్రోటీను పుట్టుటకు స్ప్లైసింగు ముందే జరిగియుండవలెను. దాని ముడిజన్యువును బాక్టీరియమున కిచ్చినచో ఇంట్రానులను తీయలేక, అర్థము లేని పాఠమును చదువబోయి, ఏమియు చేయజాలదు. కావున మానవకణము కత్తిరించి అతికి సిద్ధపరచిన సందేశ ఆర్ఎన్ఏను తీసికొని, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజు అను ఎంజైముచేత దానిని తిరిగి డీఎన్ఏగా వ్రాయించి, ఆ ప్రతిని బాక్టీరియమున కప్పగింపవలెను. ఇంకను చిత్రమేమనగా, కణములో ఈ ప్రోటీను మితిమీరినప్పుడు అది తన సొంత తొలిప్రతి స్ప్లైసింగునే మార్చి, తన ఉత్పత్తిని తానే తగ్గించుకొనును. ఇంతటి ఆత్మనిగ్రహము మనుష్యులలో సైతము అరుదు.

బాక్టీరియముచేత పరాయి పాఠమును పెద్దయెత్తున చదివించు ఉపాయమును ఆ సరికే, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ఉన్న లాంగ్ ఐలండు దీవిలోనే, బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం స్టడియర్ సిద్ధపరచి యుంచెను. బాక్టీరియమును తిని బ్రతుకు టీ7 అను వైరసునకు సొంతమైన ఆర్ఎన్ఏ పాలిమరేజు ఒకటి కలదు. అది తన సంకేతమును తప్ప మరి దేనిని లక్ష్యపెట్టదు. ఆ సంకేతము వెనుక మనము ఏ జన్యువును కట్టినను దానిని మహావేగముతో ప్రతులు తీయును. బాక్టీరియములు తగినంత పెరిగిన పిమ్మట ఐపీటీజీ అను ద్రవ్యమును చిటికెడు వేసినచో ఆ పాలిమరేజు మేల్కొనును. కొన్ని గంటలలో బాక్టీరియము తన శక్తిలో పెద్దభాగమును తనకు ఎంతమాత్రము అక్కరలేని మానవ ప్రోటీను కొరకు వెచ్చించును. ప్రోటీను కొనకు హిస్టిడీను అను ఎమైనో ఆమ్లమును వరుసగ ఆరింటిని తగిలించినచో, నికెలు పూసిన పూసల స్తంభమునుండి ద్రవమును పారించినప్పుడు ఇతరములు జారిపోయి ఇది మాత్రము పట్టుకొని నిలుచును. నేడు విక్రయింపబడు ఇట్టి ప్రోటీనులలో చాలవాటికి ఈ హిస్టిడీను వరుస యుండును.

ఇంత తేలికగ ముగియదు. ఈ ప్రోటీను పొడవు 248 ఎమైనో ఆమ్లములు. మొదటి భాగమున ఆర్ఎన్ఏను పట్టుకొను రెండు మడతలు గలవు. చివరి 50 ఎమైనో ఆమ్లములలో అత్యధికము ఆర్జినీనును సెరీనును ఒకదాని వెంట నొకటిగ పేర్చినట్లుండును. ఈ తోకవంటి భాగమునకు స్థిరమైన ఆకృతి లేదు. ఆర్జినీనుల ధనావేశము మూలమున అది దొరికిన ఆర్ఎన్ఏకెల్ల అంటుకొనును, ఈ ప్రోటీను అణువులు తమలో తాము కూడ గుమిగూడును. అందుచే బాక్టీరియములో ఇది కరగకుండ ముద్దకట్టి అడుగున చేరుటకు మొగ్గును. ఆ ముద్దను గ్వానిడీను, యూరియా వంటి ఘాటైన ద్రావకములలో కరగించి, ప్రోటీను మడతలన్నియు విప్పి, పిమ్మట ద్రావకమును మెల్లమెల్లగ తొలగించుచు అది తన ఆకృతిని తానే తిరిగి తెచ్చుకొనునట్లు చేయవలెను. తిరిగి తెచ్చుకొన్నదో లేదో జెల్ పలక చెప్పదు. ఎస్100లో వేసి, స్ప్లైసింగు జరిగినప్పుడే తెలియును.

1991లో రెండు బృందములును పాఠములను ప్రకటించెను. ఎస్ఎఫ్2, ఏఎస్ఎఫ్ అక్షరమక్షరము ఒకటే యని తేలినది. బాక్టీరియముచేత చేయించిన ప్రోటీను సైతము ఎస్100ను బ్రతికించుటయే కాక, ఒకే తొలిప్రతిమీద రెండు కోతస్థానములు పోటీపడినప్పుడు తన పాలు పెరిగినకొలది ఇంట్రాను చివరకు సమీపమున నున్న స్థానమును గెలిపించెను. కనుక రెండు పనులును ఒక్క ప్రోటీనువే. మధ్య నెవరును లేరు. మరుసటి యేట అకిలా మయేదా, క్రైనర్ కలిసి, హెచ్ఎన్ఆర్ఎన్‌పీ ఏ1 అను వేరొక ప్రోటీను దీనికి ప్రతిపక్షియై దూరస్థానమును గెలిపించుననియు, ఫలితము ఈ రెంటి నిష్పత్తిని బట్టి మారుననియు చూపిరి. ఈ రెండవ ఫలితమునే నేను ఎక్కువ విలువైనదిగ ఎంతును. ఫలానా ప్రోటీను ఫలానా పని చేయునను మాట కేంద్రక రసముతోడను కొంతవరకు చెప్పవచ్చును. ఎంత యున్నప్పుడు ఎంత చేయునను మాట మాత్రము, చేతిలో శుద్ధమైన ప్రోటీను కొలతకు దొరికిన నాడే చెప్పవచ్చును. కోతస్థానపు ఎన్నిక ఉన్నది–లేదు అను రెండు మాటల మధ్య తేలునది కాదు, పాళ్ళమీద నడచునది యని ఆ కొలతలే తెలిపినవి. ఈ పాళ్ళు చెడినచో ఏమగునో 2007లో క్రైనర్ ప్రయోగశాల చూపెను: ఈ ప్రోటీను అధికమైనంత మాత్రమున కొన్ని కణములు కేన్సరు లక్షణములను పొందినవి. ఈ వంశపు ప్రోటీనులకన్నిటికి 2010లో క్రమపద్ధతిలో క్రొత్త పేర్లిడినప్పుడు దీనికి ఎస్ఆర్ఎస్ఎఫ్1 అను పేరు వచ్చినది; గొట్టములమీద నేడు ఉండునది ఈ పేరే.

పొరుగూరి సాక్షికి ఊరి మర్యాదలు తెలియవు గదా. మానవకణములో ఈ ప్రోటీను పుట్టినవెంటనే ఎస్ఆర్‌పీకే1 మొదలైన కైనేజులు దాని తోకలోని సెరీనులకు ఫాస్ఫేటులను తగిలించును. ధనావేశముల నడుమ ఋణావేశములు చేరుటచే తోక స్వభావమే మారును. కనబడిన ఆర్ఎన్ఏకెల్ల అంటుకొను జిగురుతనము తగ్గి, ఇతర ప్రోటీనులతో సంధి కుదురును. బాక్టీరియమునకు ఈ సంస్కారము తెలియదు. అట్లయిన 1991 నాటి ప్రయోగములు ఎట్లు ఫలించెను? ఎస్100లో ఆ కైనేజులును, గొట్టములో ఏటీపీయును ఉన్నవి గనుక, అసంస్కృతమైన ప్రోటీను అందు పడగానే అక్కడికక్కడే ఫాస్ఫేటులను పొందెను. తోకను మొత్తముగ కోసివేసి చేసిన ప్రయోగములలో ఇంకొక సూక్ష్మము బయటపడినది: తోక లేని ప్రోటీను ఎస్100ను బ్రతికింపజాలదు గాని, పోటీ స్థానముల ఎన్నికను మాత్రము మార్చగలదు. ఫాస్ఫేటు చేరుట ఎంత అవసరమో, స్ప్లైసింగు సాగుచుండగా అది తొలగుటయు అంత అవసరమని తరువాతి పరిశోధనలు సూచించినవి. దీనినిబట్టి చూడగా, శుద్ధమైన ప్రోటీనును శుద్ధమైన ఆర్ఎన్ఏతో మాత్రమే కలిపి, కైనేజులు లేని గొట్టములో, ఇది దీనిని ఎంత గట్టిగ పట్టుకొనునని కొలిచి, ఆ అంకెను కణమునకు అంటగట్టుట సాహసమని నా అభిప్రాయము. అట్టి కొలతలు అచ్చులో కొల్లలుగ గలవు. ప్రోటీనును కొనువాడు అది బాక్టీరియమున పుట్టినదా, కీటకకణమున పుట్టినదా, మానవకణముననే పుట్టినదా, తోకకు ఫాస్ఫేటు లున్నవా, లవణ మెంత యున్నదని అడిగి మరీ కొనవలెను. మైనస్ 80 డిగ్రీల చలిలో నుంచి, ఒక్కొక్క ప్రయోగమునకు చాలినంత చిన్న భాగములుగ ముందే పంచుకొననిచో, మాటిమాటికి కరగి గడ్డకట్టుటచే గొట్టములో మిగులునది పేరు మాత్రమే.

ఇది కేవలము గొట్టముల గొడవ కాదనుటకు వెన్నుకండర క్షీణత అను శిశువ్యాధి వృత్తాంతము సాక్ష్యము. ఎస్ఎంఎన్1 అను జన్యువు లోపించుట ఈ వ్యాధికి మూలమని 1995లో పారిసులోని జుడిత్ మెల్కీ బృందము కనుగొనెను. ఆశ్చర్యమేమనగా, దాదాపు దానికి కవల యనదగిన ఎస్ఎంఎన్2 రోగులలోను ఉన్నది. కాని దాని ఏడవ ఎక్సానులో ఆరవ అక్షరము ‘సి’ బదులు ‘టి’ అగుటచే, ప్రోటీను అర్థము మారకపోయినను, స్ప్లైసింగు యంత్రాంగము ఆ ఎక్సానును చాలవరకు దాటవేయును. ఎందుచేత? ఆ స్థానమున మన ప్రోటీను కూర్చుండు పీఠము చెరిగిపోయినదని 2002లో క్రైనర్ బృందము వాదించినది. కాదు, అచ్చట దాని ప్రతిపక్షియైన ఏ1కు క్రొత్తపీఠము వెలసినదని మరుసటి యేట మాన్లీ బృందము వాదించినది. 1990లో ఒకే ప్రోటీనును రెండు పేర్లతో పట్టుకొన్న ఇద్దరును పండ్రెండేండ్లకు ఒకే అక్షరమునకు రెండర్థములు చెప్పిరి! రెంటిలో ఒకటియే సత్యము కావలెనను నియమము లేదు; ఒక పీఠము పోయి, అచ్చటనే ఇంకొకటి వెలయుట సంభవమే.

చికిత్స మాత్రము ఈ తగవు తీరువరకు ఆగలేదు. ఏడవ ఎక్సానును దాటిన వెంటనే వచ్చు ఇంట్రానులో, దానిని దాటవేయుమని చెప్పు ఒక చిన్న ఖండము కలదని 2006లో మాసచూసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో రవీంద్ర సింగ్ బృందము కనుగొనెను. ఏ1 ప్రోటీను ఆశ్రయించు తావులలో ఇదియొకటి. ఆ ఖండమునకు సరిగ జతపడి దానిని కప్పివేయునట్టి 18 అక్షరముల కృత్రిమ తంతువును క్రైనర్ బృందమును, అయోనిస్ సంస్థకు చెందిన ఫ్రాంక్ బెన్నెట్ బృందమును రూపొందించిరి. పీఠము మూతపడగా ఏ1 తప్పుకొనును. ఏడవ ఎక్సాను సందేశములో నిలుచును. ఎస్ఎంఎన్2యే అవసరమైన ప్రోటీనును చేయ నారంభించును. నుసినెర్సెన్ అను పేరుగల ఈ ఔషధమునకు 2016 డిసెంబరు 23న అమెరికా ప్రభుత్వ అనుమతి లభించినది. ఇది మెదడుకును వెన్నుపామునకును నెత్తురునుండి చేరజాలదు గనుక, నడుము వద్ద సూది గ్రుచ్చి వెన్నుపాము చుట్టునున్న ద్రవములోనికి ఎక్కింతురు. తొలి రెండు మాసములలో నాలుగు మోతాదులు, అటుపై నాలుగు మాసముల కొకటి.